అప్‌డేట్: హోటళ్లకు సరుకు వేసే బండి ఉద్యోగంలో చేరాను

బెజవాడ పక్కన గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి హోటళ్లకు, కర్రీ పాయింట్లకు సరుకు వేసే వ్యాన్ డ్రైవర్ పని ఎలా ఉంటుందని ఆమధ్య అడిగాను కదా. చేరిపోయాను.

నడపడం చిన్న పని, దించడమే అసలు పని. చివరి హోటల్ సరుకు ముందు ఎక్కించాలి. బెంజి సర్కిల్ బస్తాలు లోపలికి, వన్‌టౌన్ నూనె డబ్బాలు తలుపు పక్కన. ఇది తారుమారైతే నడిరోడ్డు మీద బండి ఖాళీ చేయాల్సిందే. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేవరకు హాయి, వన్‌టౌన్ సందుల్లోనే టెన్షన్. ఫ్రోజెన్ సరుకుంటే మరీను. అది మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి, తలుపు తీసిన ప్రతిసారీ వేడి లోపలికి దూరుతుంది. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పాలా!

వంట మాస్టర్లు మంచోళ్లే, "తమ్ముడూ, టిఫిన్ తినిపో" అంటారు. బిల్లు మీద సంతకం అడిగితే మాత్రం "ఓనరు లేడు, ఆగు".

ఈ బండికి వేరే లైసెన్స్ కావాలా అని అడిగిన అన్నకి: సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

జీతం టైముకే పడుతోంది. నడుముకి మంచి బెల్టు ఏదో తెలిస్తే చెప్పండి.