90ల బేస్‌బాల్ ఇన్సర్ట్ కార్డులు: వెనక నంబరు లేకపోతే అరుదైనది కాదా?

ప్లానో పాండు:
మా వాట్సాప్ గ్రూపులో ఈ గోల ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాట సూటిగా చెప్తా. 90లలో వచ్చిన ఇన్సర్టుల్లో వెనక సీరియల్ నంబరు కొట్టినవాటినే నేను అరుదైనవని ఒప్పుకుంటా. 50లో 17వది అని కార్డు మీదే ఉంటే ఇక వాదన లేదు, 51వది పుట్టదు. నంబరు లేనివాటికి రేపర్ మీద ‘ఇన్ని ప్యాకెట్లకు ఒకటి’ అని రాసిన మాట తప్ప ఆధారం ఏముంది? అసలు ఎన్ని ప్యాకెట్లు కొట్టారో కంపెనీకే తెలియాలి. అలాంటప్పుడు టాప్స్ కంపెనీ 1993లో తెచ్చిన ఫైనెస్ట్ సెట్టు రిఫ్రాక్టర్లకి జనం అంతంత డబ్బు పోస్తున్నారంటే నమ్మకం మీద పోస్తున్నట్టే. కాదనేవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నా, ముందు ఇన్సర్ట్ అంటే ఏంటో చెప్పండి. నాకు తెలిసిన కార్డులు చిన్నప్పుడు ఆడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులే. మీ పోస్టు రెండుసార్లు చదివినా రిఫ్రాక్టర్ దగ్గర ఆగిపోయా.

ప్లానో పాండు:
తమ్ముడూ, ప్యాకెట్లో ఒక మామూలు సెట్ ఉంటుంది, ఆటగాడికో కార్డు, ఒకటి నుంచి వరస నంబర్లతో. ఆ సెట్టులో చేరకుండా, వేరే డిజైన్‌తో, ఎప్పుడో గానీ తగలకుండా మధ్యలో దూర్చేది ఇన్సర్ట్. మామూలు కార్డునే మెరుపు కాగితం మీదో వేరే రంగులోనో తక్కువగా కొడితే అది ప్యారలల్. మాటల్లో మాత్రం రెండిటినీ కలిపి ఇన్సర్టులే అనేస్తాం. రిఫ్రాక్టర్ ఆ రెండో రకం, లైటు కింద తిప్పితే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి.

ఇవెందుకు వచ్చాయంటే, 80ల చివర, 90ల మొదట్లో కంపెనీలు కార్డుల్ని అడ్డూ అదుపూ లేకుండా అచ్చేశాయి. జంక్ వ్యాక్స్ కాలం అంటారు దాన్ని, ఆ కార్డులు ఇప్పటికీ పెట్టెలకు పెట్టెలు కారుచౌకగా దొరుకుతాయి. జనం ఇంకో ప్యాకెట్ కొనాలంటే ఏదో ఒక ఆశ చూపాలి కదా. 1990లో అప్పర్ డెక్ కంపెనీ పాత స్టార్ ఆటగాడు రెజీ జాక్సన్ చేత 2,500 కార్డుల మీద సంతకం పెట్టించి, నంబర్లు వేసి ప్యాకెట్లలో కలిపింది. మరుసటి ఏడాది డాన్‌రస్ కంపెనీ ఎలీట్ అనే నంబర్ల ఇన్సర్టులు దింపింది. 1994 ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మెకు దిగి ఆ ఏడాది ఫైనల్ అయిన వరల్డ్ సిరీసే రద్దయ్యాక జనానికి ఆట మీదే విసుగొచ్చింది, ఇక కంపెనీలు ఒకరిని మించి ఒకరు తక్కువ సంఖ్యలో కొట్టడం మొదలుపెట్టారు.

ఎడిసన్ శీను:
పాండు గారూ, ఎలీట్ పేరు మీరే ఎత్తారు, బాగుంది. 1991 ఎలీట్ ఒక్కో ఆటగాడిది 10,000 కార్డులు. అందులోనే లెజెండ్ పేరుతో వచ్చిన నోలన్ రయన్ కార్డు 7,500, రైన్ శాండ్‌బర్గ్ సంతకం చేసింది 5,000. అన్నిటి వెనకా నంబరు ఉంది. ఇప్పుడు ఈబే తెరిచి చూడండి, ఏ రోజు చూసినా కనిపిస్తాయి. 1993 ఫైనెస్ట్ రిఫ్రాక్టర్ వెనక నంబరు కాదు కదా, రిఫ్రాక్టర్ అన్న మాట కూడా లేదు, మామూలు దానికీ దీనికీ తేడా తెలియాలంటే లైటు కింద తిప్పి చూడాల్సిందే. కానీ ఒక్కోటి 241 మాత్రమే ఉన్నాయని లెక్క. మీ సూత్రం ప్రకారం 10,000 ఉన్నది అరుదు, 241 ఉన్నది కాదు. ఇదెక్కడి న్యాయమండీ?

ప్లానో పాండు:
241 అని ఎవరు చెప్పారు? కార్డు మీద ఉందా? అందరూ వేదవాక్కులా చెప్పుకోవడమే గానీ, నాకైతే అది కాకిలెక్కలా ఉంది.

లెక్కల మాస్టారు:
కాకిలెక్క కాదు బాబూ, అసలు లెక్కే. దాని బలం ఎంతో, బలహీనత ఎక్కడో కూడా అందులోనే ఉంది. నేను రిటైరై మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, మనవడి వల్ల ఈ పిచ్చి నాకూ అంటుకుంది. ఆటగాళ్ళ సంగతి పెద్దగా తెలియదు గానీ అంకెలు కనపడితే ఊరుకోలేను.

1993 ఫైనెస్ట్ మొత్తం 4,000 కేసులు, అంటే దుకాణాలకు పంపే పెద్ద పెట్టెలు, తయారైందని అప్పట్లో చెప్పుకున్న మాట. కేసుకి 12 బాక్సులు, బాక్సుకి 18 ప్యాకెట్లు. అంటే 8,64,000 ప్యాకెట్లు. 18 ప్యాకెట్లకు ఒక రిఫ్రాక్టర్ కాబట్టి 48,000 రిఫ్రాక్టర్లు. సెట్టులో 199 కార్డులు. భాగిస్తే 241.2. ఇదీ మీ 241 పుట్టుక. ఎవరూ కూర్చుని లెక్కపెట్టింది కాదు, కేసుల సంఖ్య నుంచి కిందికి దిగుతూ వచ్చిన సగటు. అన్ని కార్డులూ సమానంగా అచ్చయి, సమానంగా ప్యాకెట్లలో పడితేనే ప్రతి దానికీ 241. కొన్ని కార్డులు మిగతావాటికంటే తక్కువగా బయటికొస్తాయని సేకరించేవాళ్ళు ఎప్పటి నుంచో అంటున్నారు, వాటి విషయంలో ఈ సగటు మనల్ని తప్పుదారి పట్టించొచ్చు. కానీ 241 అనేది 2,000 అయిపోదు కదా. తప్పు ఉంటే పదుల్లో ఉంటుంది, మహా అయితే వందల్లో.

ఇంకోటి చూడండి. 1996 సెలెక్ట్ సర్టిఫైడ్, పినాకిల్ వాళ్ళది, 144 కార్డుల సెట్. అందులో మిర్రర్ రెడ్ ఒక్కోటి 90, మిర్రర్ బ్లూ 45, మిర్రర్ గోల్డ్ 30 అని కంపెనీ ప్రకటించింది. ఏ ఒక్కదాని మీదా సీరియల్ నంబరు లేదు. దొరికే అవకాశం వరసగా 100, 200, 300 ప్యాకెట్లకు ఒకటి. ఇప్పుడు 90ని 100తో, 45ని 200తో, 30ని 300తో గుణించండి. మూడుసార్లూ 9,000 వస్తుంది. దాన్ని 144తో గుణిస్తే 12,96,000 ప్యాకెట్లు. మూడు దారుల్లో వెళ్ళినా ఒకే చోటికి చేరుతున్నాం. నంబరు లేకపోయినా లెక్క సరిచూసుకునే మార్గం ఉందని చెప్పడానికే ఇంత రాశాను.

ప్లానో పాండు:
మాస్టారూ, లెక్క అద్భుతంగా ఉంది, కానీ ఒక్క ప్రశ్న. 30 అని ప్రకటించిందీ అదే కంపెనీ, 300కి ఒకటి అని రేపర్ మీద వేయించిందీ అదే కంపెనీ. ఒకే ఆఫీసులో ఒకే కాగితం మీంచి రెండు అంకెలూ తీస్తే అవి సరిపోక ఏం చేస్తాయి? ఆ కాగితం నిజమని దాంతో ఎలా తేలుతుంది?

లెక్కల మాస్టారు:
తేలదు. అంకెలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం లేదని మాత్రమే తేలుతుంది. అయితే మీ నంబర్ల కార్డుల మీద 50 అని ముద్ర వేసిందీ కంపెనీయే కదా బాబూ, బయటివాళ్ళెవరూ వచ్చి వేయలేదు.

బే ఏరియా భాను:
మాస్టారు అన్న ఆ చివరి మాటే నేను పట్టుకుంటా. పాండన్నా, 51వది పుట్టదు అన్నావు చూడు, అది కంపెనీ బతికున్నంత వరకే. పినాకిల్ 1998లో దివాలా తీసింది. డాన్‌రస్, లీఫ్ బ్రాండ్లు అప్పటికి వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. ఆ తర్వాత పినాకిల్ కార్డులు కొన్ని నంబరు ముద్ర పడకుండానే బయట తిరిగాయి. సొంతంగా ఏదైనా మెషిన్ సంపాదించి ముద్ర వేసేవాడికి అంతకంటే ఏం కావాలి? కాగితం అసలుది, అచ్చు అసలుది, నంబరు ఒక్కటే దొంగది. మొత్తం కార్డు దొంగదైతే ఎక్కడో ఒక చోట దొరికిపోతుంది గానీ ఇది పట్టుకోవడం మహా కష్టం. 1998 డాన్‌రస్ క్రూసేడ్ ఇన్సర్టులు తెలుసుగా, ఒక్కో ఆటగాడివి గ్రీన్ 250, పర్పుల్ 100, రెడ్ 25. రెడ్ కొనేటప్పుడు నేనైతే అంకెల ఆకారం, వాటి మధ్య ఖాళీ, రేకు మెరుపు అన్నీ వేరే కాపీల ఫొటోలతో పోల్చి చూడకుండా డబ్బు పంపను. చూసినా టెన్షనే.

ఇంకా తమాషా కావాలంటే 1998లో వచ్చిన ఈఎక్స్ 2001 అనే సెట్టు చూడండి. అందులో రెండు ప్యారలల్స్, ఎసెన్షియల్ క్రెడెన్షియల్స్ నౌ అని ఒకటి, ఫ్యూచర్ అని ఒకటి. సెట్టులో కార్డు వరస నంబరు ఎంతో నౌ కాపీలు అన్ని. ఫ్యూచర్ దానికి తిరగేసి. సెట్టులో ముందున్నవాడి నౌ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, చివర ఉన్నవాడిది వందకు దగ్గర. ఆటగాడి గొప్పతనంతో సంబంధమే లేదు, వరసలో ఎక్కడ నిలబెట్టారన్నదే లెక్క. నంబరు ఉంది, నిజమే. అది కంపెనీ వాళ్ళు సరదాగా పెట్టిన నంబరు.

ఎడిసన్ శీను:
అదే ఏడాది మెటల్ యూనివర్స్ సెట్టులో ప్రెషస్ మెటల్ జెమ్స్ అనే ప్యారలల్స్ కూడా ఉన్నాయి, 50 చొప్పున. నాకు 90ల కార్డుల్లో అవంటే మహా ఇష్టం, నంబరు వల్ల కాదు, ఆ బొమ్మల వల్ల. కానీ ఆ రేకు ఎంత సున్నితమో, అంచుల్లో రంగు లేచిపోని కాపీ దొరకడం గగనం. కాబట్టి 50 అన్న అంకె అచ్చయినవి ఎన్నో చెప్తుంది, బాగున్నవి ఎన్ని మిగిలాయో చెప్పదు.

ఫ్రిస్కో కామేశ్వరి:
మీ చర్చ బాగుంది గానీ, తల్లిగా నాదో మాట. రేపర్ మీద ‘18కి ఒకటి’ అని చదివి పిల్లలు ఏమనుకుంటారు? పద్దెనిమిది కొంటే కెన్ గ్రిఫీ లాంటి పెద్ద స్టార్ రిఫ్రాక్టర్ వస్తుందనుకుంటారు. మాస్టారి అంకెలతోనే చూడండి, ఏదో ఒకటి కాదు, ఫలానా ఆటగాడిదే కావాలంటే 18ని 199తో గుణించాలి, సగటున 3,582 ప్యాకెట్లు. మిర్రర్ గోల్డ్ అయితే 300 ఇంటూ 144, అంటే 43,200. ఆ అంకె ఏ రేపర్ మీదా లేదు. నంబరు ఉన్నా లేకపోయినా ఇది లాటరీయే, అరుదు అన్న పేరుతో అమ్మింది ఆశని.

బే ఏరియా భాను:
కామేశ్వరి గారూ, ఈ మాట మీద అప్పట్లో కేసులే నడిచాయి. ఇన్సర్టులు పెట్టి జూదం ఆడిస్తున్నారని కార్డు కంపెనీల మీద కొన్నవాళ్ళు దావాలు వేశారు. 2002లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఒప్పుకోలేదు. ప్యాకెట్‌కి డబ్బిచ్చారు, ప్యాకెట్ దక్కింది, కోరుకున్న కార్డు రాలేదన్న నిరాశ వాళ్ళు దావా వేసిన చట్టం కింద నష్టం కాదు అన్నట్టుగా తీర్పిచ్చింది.

ఫ్రిస్కో కామేశ్వరి:
కోర్టు ఒప్పుకోలేదని అది జూదం కాకుండా పోతుందా అండీ? మా ఇంట్లో మూసిన ప్యాకెట్లు నిషేధం. కావాల్సిన కార్డు విడిగా కొనుక్కోమంటాను. చివరికి ఖర్చూ తక్కువే అవుతుంది.

లెక్కల మాస్టారు:
అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా మనవడికి కూడా ఇదే చెప్పాను, వింటేగా.

ప్లానో పాండు:
సరే, అందరూ కలిసి నా మీద పడ్డారు. నా మాట నేను వదలను గానీ కొంచెం వివరంగా చెప్తా. నంబరు ఉంటే అరుదు అని కాదు, నంబరు ఉంటే పై హద్దు తెలుస్తుంది అని. 10,000 అంటే 10,000, అది అరుదు కాదని నేనూ అంటా. నంబరు లేని దానికి ఆ హద్దు కూడా ఉండదు, సగటు మాత్రమే ఉంటుంది. భాను చెప్పిన దొంగ ముద్రలు నిజమే, అయితే అవి కొన్ని సెట్ల సమస్య, దాని కోసం నంబర్లన్నిటినీ కొట్టిపారేస్తామా? రేపు నేను ఈ కార్డు అమ్మాలన్నా, ఇన్సూరెన్స్ చేయించాలన్నా, ఎదుటివాడికి మాస్టారి గుణకారం మొత్తం వినిపించలేను. నంబరు చూపిస్తే చాలు.

ఎడిసన్ శీను:
నంబరు లేనివాటికి పాప్ రిపోర్ట్ చూపిస్తున్నారుగా, కార్డుల నాణ్యత చూసి గ్రేడ్ ఇచ్చి డబ్బాలో సీల్ చేసే పీఎస్ఏ కంపెనీ ఇచ్చే లెక్క.

ప్లానో పాండు:
పాప్ రిపోర్ట్ గ్రేడింగ్‌కి పంపినవి ఎన్నో చెప్తుంది, ఉన్నవి ఎన్నో కాదు. డబ్బా పగలగొట్టి అదే కార్డుని మళ్ళీ పంపితే రెండుసార్లు లెక్కలోకి రావొచ్చు. ఎవరికీ తెలియని ఆటగాడి మిర్రర్ గోల్డ్‌ని గ్రేడింగ్ ఫీజు కట్టి ఎవడు పంపుతాడు? రిపోర్టులో రెండే కనిపిస్తాయి, మిగతావి ఎవరి డబ్బాల్లో ఉన్నాయో. గ్రిఫీది అయితే కనపడిన ప్రతి కాపీ పంపుతారు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఇదే అరుదు అంటే ఎలా?

ఎడిసన్ శీను:
ఇది మాత్రం ఒప్పుకుంటా. అందుకే నేను చూసేది వేరే, పదేళ్ళలో ఒక కార్డు ఎన్నిసార్లు అమ్మకానికి వచ్చిందో. 1993 రిఫ్రాక్టర్లు వస్తూనే ఉంటాయి, 241కి తగ్గట్టే ఉంది రాకపోక. మిర్రర్ గోల్డ్ మాత్రం కొన్ని పేర్లవి ఏళ్ళ తరబడి కనపడవు. నంబరు కొట్టిన 50 కాపీల కార్డు కంటే అవి కష్టం. దొరకనిదాన్నే కదా అరుదు అంటాం.

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నా, ఇంత చదివాక నాకూ ఒకటి కొనాలనిపిస్తోంది. అమెరికాలో మా కజిన్ ఉన్నాడు, తెప్పించుకుంటా. మొదటిది ఏది కొనను?

ప్లానో పాండు:
1991 ఎలీట్. రికీ హెండర్సన్‌ది తీసుకో. నంబరు ఉంటుంది, దొంగది అంటగట్టేంత ఖరీదు ఉండదు, ఈ కథ మొదట్లో వచ్చినవాటిలో అదీ ఒకటి.

ఎడిసన్ శీను:
10,000 ఉన్నదాన్ని అంటగడుతున్నారా కుర్రాడికి! తమ్ముడూ, డబ్బు దాచుకుని 1993 రిఫ్రాక్టర్ కొనుక్కో, పేరున్న ఆటగాడిది కాకపోయినా పర్లేదు. అమ్మేవాడిని లైటు కింద తిప్పుతూ వీడియో తీసి పంపమని అడుగు, మామూలు ఫైనెస్ట్‌ని రిఫ్రాక్టర్ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. ఆకుపచ్చగా మారిందేమో కూడా చూడు, ఆ కాలపు క్రోమ్ కార్డులకి ఆ జబ్బుంది.

బే ఏరియా భాను:
ఏదైనా కొను గానీ, నాలుగైదేళ్ళ తర్వాతి ఫైనెస్ట్ కొంటే పైన ఉండే ఆ ప్లాస్టిక్ పొర మాత్రం పీకకు.

ఎడిసన్ శీను:
పీకేయమని ఆ పొర మీదే రాసి ఉంటుంది భానూ!

ప్లానో పాండు:
దయచేసి దానికి వేరే థ్రెడ్ తెరవండి.