ఉన్ని వడకడం సరిగ్గా రాకుండా రంగులు కలిపే క్లాసుకి వెళ్లొచ్చా?

కొత్తచేయి:
అల్లిక కొన్నేళ్లుగా చేస్తున్నాను, ఇప్పుడు నా నూలు నేనే వడుక్కోవాలని ఆశ పుట్టింది. వీడియోలు చూస్తూ తకిలీతో రెండు నెలలు కుస్తీ పట్టాను. పోగు ఒకచోట దారంలా, ఇంకోచోట తాడులా వస్తోంది, లేదంటే తెగి తకిలీ కాలి మీద పడుతోంది. రెండు రోజుల క్లాసు ఒకటి కనిపించింది: మొదటిరోజు రాట్నం, రెండోరోజు రంగు ఉన్నులు కలపడం. వడకడమే రానిదాన్ని, రెండోరోజు డబ్బు దండగేమో?

కండెలమ్మ:
వెళ్లండి. నేను ఏడాదిపాటు చేసిన తప్పుని టీచర్ వెనక నిలబడి నిమిషంలో పట్టేశారు. చేతులు రెండూ మరీ దగ్గరగా పెట్టి లాగేదాన్ని. ఉన్ని వెంట్రుక ఎంత పొడవుంటే చేతుల మధ్య అంతకన్నా కాస్త ఎక్కువ దూరం ఉండాలి, లేకపోతే ఒకే వెంట్రుకని రెండు కొసలా పట్టుకుని లాగుతున్నట్టే, అది కదలదు, మనమేమో ఇంకా గట్టిగా లాగుతాం. మీ పోగు తెగడానికి చాలావరకు పురి చాలకపోవడమే కారణం. తకిలీని మోకాళ్ల మధ్య ఆపి, ముందు పురి ఎక్కించుకుని తర్వాత లాగి చూడండి, రెండు పనులూ ఒకేసారి వద్దు. అన్నట్టు మీది ఏ ఉన్ని? మెరినో గొర్రెది అయితే వెంట్రుక సుమారు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నం, చేతిలో జారిపోతుంది. కొరిడేల్ లాంటి గొర్రె జాతిది 25–30 మధ్య ఉంటుంది, కొత్తవాళ్లకి అదే నయం.

మూడోరంగు:
రంగులు కలపడానికి వడకడం రానక్కర్లేదండీ, ఉన్నిని ఏకే (దువ్వే) బ్రష్షులు పట్టుకోవడం వస్తే చాలు. కానీ పెయింట్ అనుకుని దిగితే దెబ్బతింటారు. ఇక్కడ రంగులు కరగవు, వెంట్రుకలు పక్కపక్కన పడుకుంటాయి, కలిపేది మన కన్ను. ఎరుపు, ఆకుపచ్చ బాగా ఏకితే దూరం నుంచి బురదే. అదే రెండుసార్లు ఏకి ఆపేస్తే చారలు మిగిలి ఎంత బాగుంటుందో! పారిస్ గోబెలిన్ నేతశాలలో రంగుల విభాగం చూసిన షెవ్రల్ దగ్గరికి నల్ల ఉన్ని పేలవంగా ఉందని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదు, పక్కనున్న రంగుల్లో ఉందని తేల్చి, 1839లో దాని మీద పుస్తకమే రాశాడు. ఇంకోటి, నలుపుతో జాగ్రత్త. చిటికెడు వేసినా ఏకై వచ్చి మేకై కూర్చుంటుంది. 10 గ్రాముల నమూనా చేసి, ఏది ఎన్ని గ్రాములో రాసుకోండి. నేను రాసుకోక సగం స్వెటర్ దగ్గర ఆగిపోయాను.

పురిపోగు:
నేను ఒప్పుకోను. వరసగా రెండు రోజులంటే భుజాలు పట్టేస్తాయి, మధ్యలో సాధన ఉండదు, ఇంటికొచ్చాక సగం మర్చిపోతారు. వారానికోసారి జరిగేది దొరికితే అదే మేలు. లేదూ ఇదే అంటే, మనిషికో రాట్నం ఉందా అని ముందే అడగండి. మా క్లాసులో ముగ్గురికి ఒకటి, సగం రోజు పక్కవాళ్ల చేతులు చూడటమే సరిపోయింది.

కొత్తచేయి:
ఫోన్ చేశాను. మనిషికో రాట్నం ఉందట, ఉన్ని మాత్రం మెరినోయేనట! నా కొరిడేల్ నేను తెచ్చుకుంటానంటే సరేనన్నారు. కండెలమ్మగారూ, మోకాళ్ల చిట్కాతో ఇవాళ పోగు తెగకుండా మూర పొడవు వచ్చింది.