ఆన్-కాల్ వారంలో ల్యాప్‌టాప్ బదులు ట్యాబ్ సరిపోతుందా?

హైద్_ఆప్స్:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో డెవాప్స్ పని (సర్వర్లు నడిపే పని) చేస్తున్నాను. నెలకో వారం ఆన్-కాల్ (ఏ టైమ్‌లో సమస్య వచ్చినా చూసుకునే డ్యూటీ) పడుతుంది, ఆ వారమంతా కూరగాయలకెళ్లినా పెళ్లికెళ్లినా ల్యాప్‌టాప్ బ్యాగ్ భుజాన ఉండాల్సిందే. అందుకే కీబోర్డుతో సహా ఒక ట్యాబ్ తీసుకుందామని చూస్తున్నా. అలర్ట్ వస్తే గ్రఫానా (సర్వర్ గ్రాఫ్‌లు చూపే టూల్) తెరవడం, సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి (దూరం నుంచి లాగిన్ అయి) లాగ్స్ చూడటం, కుబెక్టల్ అనే కమాండ్‌తో పాడ్ (సర్వర్‌లో నడిచే యాప్ భాగం) రీస్టార్ట్ చేయడం, మహా అయితే ఒక యామల్ (సెట్టింగ్స్) ఫైల్‌లో రెండు లైన్లు మార్చి పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పు ఒప్పుకోమని టీమ్‌ని అడగడం) పెట్టడం, ఇంతే నా పని. ఇంట్లోవాళ్లేమో అది సినిమాలు చూసుకోవడానికే అంటున్నారు. రోజూ వాడేవాళ్లుంటే నిజంగా పనికొస్తుందో లేదో చెప్పండి. ఐప్యాడా ఆండ్రాయిడా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నా.

రాత్రి_షిఫ్ట్:
ఈ పనులకైతే సరిపోతుంది బ్రో, నేను ఆన్-కాల్‌లో ఎక్కువగా దాంతోనే నెట్టుకొస్తున్నా. కాకపోతే అన్నీ ట్యాబ్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోవాలని చూడకు. కుబెక్టల్, గిట్ (కోడ్ మార్పులు చూసుకునే టూల్), నీ స్క్రిప్టులు అన్నీ ఒక లైనక్స్ జంప్ సర్వర్‌లో (మిగతా సర్వర్లలోకి వెళ్లడానికి మధ్యలో ఉండేది) పెట్టుకుని ట్యాబ్ నుంచి అందులోకి వెళ్లు. ఐప్యాడ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యాప్ వదిలేసి స్లాక్‌లో ఎవరికో జవాబు రాసి వచ్చేసరికి కనెక్షన్ తెగిపోయి ఉంటుంది, ఎందుకంటే వెనక్కి వెళ్లిన యాప్‌ని కాసేపటికే ఐప్యాడ్ ఓఎస్ ఆపేస్తుంది. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోయి మేనేజర్ కాల్‌లో ఉన్నప్పుడు ఇలా జరిగితే టెన్షన్ మామూలుగా ఉండదు. సర్వర్‌లో టీమక్స్ అనే టూల్ నడుస్తుంటే కనెక్షన్ పోయినా నీ సెషన్ అక్కడే ఉంటుంది. దానికి మాష్ (ఎస్‌ఎస్‌హెచ్ బదులు వాడే టూల్) కూడా తోడైతే వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా తెగదు. మాష్ యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి మీద నడుస్తుంది, మామూలుగా 60000 నుంచి 61000 మధ్య పోర్టులు వాడుతుంది, అవి ఫైర్‌వాల్‌లో ముందే తెరిపించుకో. ఐప్యాడ్‌లో బ్లింక్ షెల్ యాప్ అయితే మాష్ అందులోనే ఉంటుంది.

ఇంకొకటి, విమ్ ఎడిటర్ వాడేవాడివైతే కీబోర్డు మీద ఎస్కేప్ కీ ఉందో లేదో చూసి కొను. 2020లో వచ్చిన ఐప్యాడ్ మ్యాజిక్ కీబోర్డుకి అది లేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ఉంది, పైథాన్, గిట్ ట్యాబ్‌లోనే నడుస్తాయి. ఎఫ్-డ్రాయిడ్ యాప్ స్టోర్ నుంచి వేసుకో. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించిన ప్రాసెస్‌లు అన్నీ కలిపి 32 దాటితే సిస్టమ్ చంపేయడం మొదలుపెడుతుంది, పెద్ద బిల్డ్‌లు అందులో పెట్టుకోకు.

గుంటూరు_బ్యాకెండ్:
ఆన్-కాల్ వరకూ సరే గానీ రోజువారీ కోడింగ్‌కి ల్యాప్‌టాప్ ఉండాల్సిందే అంటాను. ఐప్యాడ్‌లో డాకర్ (సర్వీసులని విడివిడిగా నడిపే టూల్) నడవదు, నాలుగు సర్వీసులు లోకల్‌గా లేపి డీబగ్ చేసే నాలాంటివాడికి అక్కడితోనే కథ అయిపోయింది. బ్రౌజర్‌లో వీఎస్ కోడ్ ఎడిటర్ తెరుచుకోవచ్చు, క్లౌడ్‌లో కోడ్ రాసే కోడ్‌స్పేసెస్ కూడా ఉంది, కానీ నెట్ పోతే పని ఆగిపోతుంది. తేలికగా ఉంటుందన్న మాట కూడా కాస్త ఆలోచించుకోవాలి, 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోకి మ్యాజిక్ కీబోర్డు తగిలిస్తే 1.3 కిలోలు దాటుతుంది, 13 అంగుళాల ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలే.

నాకు ట్యాబ్ పనికొచ్చేది చదవడానికీ గీయడానికీ. డిజైన్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి పెన్‌తో డబ్బాలు గీసి, ఈ క్యూ నుంచి ఇక్కడికి బాణం, ఇక్కడ రీట్రై అని గీస్తూ చెబుతుంటే అరగంట మాటల్లో తేలనిది అక్కడికక్కడే తేలిపోతుంది. మౌస్‌తో అది కుదరదు. పేపర్లు, ఆర్‌ఎఫ్‌సీలు (టెక్నికల్ ప్రతిపాదనల డాక్యుమెంట్లు) కూడా సోఫాలో కూర్చుని మార్జిన్‌లో రాసుకుంటూ చదవొచ్చు. రెండు కాలమ్‌ల పీడీఎఫ్‌లు చదివేవాళ్లు 11 అంగుళాలు తీసుకోవద్దు, అక్షరాలు మరీ చిన్నవైపోతాయి.

సెక్యూరిటీ_డెస్క్:
అండీ, కొనే ముందు మీ ఐటీ వాళ్లని అడగండి. పై ఇద్దరూ ఆ సంగతే ఎత్తలేదు. చాలా కంపెనీల్లో వీపీఎన్‌కి (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) డివైస్ సర్టిఫికెట్ కావాలి, సొంత ట్యాబ్‌కి అది ఇవ్వరు. ఇచ్చినా ఎండీఎంలో (డివైస్‌లని కంపెనీ దూరం నుంచి అదుపు చేసే సిస్టమ్) చేర్చమంటారు, అప్పుడు మొత్తం డివైస్‌ని దూరం నుంచి తుడిచేసే హక్కు కంపెనీకి వెళ్తుందా అన్నది తప్పకుండా కనుక్కోండి. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్‌గా పెడితే ఆఫీసు భాగం మాత్రమే తుడుస్తారు, మీ ఫొటోలు, ఫైళ్లు మీకే ఉంటాయి. ఇంట్లో పిల్లలు కూడా వాడే ట్యాబ్ అయితే దయచేసి ప్రొడక్షన్ లాగిన్ కీలు అందులో పెట్టకండి.

ర్యాక్_మనిషి:
నేను డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ పని చేస్తాను. రెండు ర్యాకుల మధ్య నిలబడి ఒక చేత్తో కేబుల్ పట్టుకుని, ఇంకో చేత్తో పోర్ట్ మ్యాప్ (ఏ కేబుల్ ఎక్కడికో చూపే పటం) చూసుకోవాలంటే ల్యాప్‌టాప్ ఎక్కడ పెడతాం? ట్యాబ్ అయితే అరచేతిలో ఉంటుంది, లేబుల్ ఫొటో తీసి అక్కడే టికెట్‌లో పెట్టేస్తా. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి యూఎస్‌బీ కన్సోల్ కేబుల్ పెట్టి సీరియల్ యాప్‌తో నెట్‌వర్క్ స్విచ్‌లోకి కూడా వెళ్తాను. మా టీమ్‌లో నిలబడి పనిచేసే అందరికీ ఇప్పించమని మేనేజర్ వెంటపడుతున్నా.

హైద్_ఆప్స్:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఐటీకి మెయిల్ పెట్టాను, వర్క్ ప్రొఫైల్ ఒప్పుకుంటే ఆండ్రాయిడ్‌కే వెళ్తా. సిమ్ ఉన్న మోడల్ అవసరమా, ఫోన్ హాట్‌స్పాట్ చాలా?

రాత్రి_షిఫ్ట్:
ఆన్-కాల్‌కైతే సిమ్ ఉన్నదే తీసుకో. అలర్ట్ కాల్ వచ్చేది ఫోన్‌కే, బ్రిడ్జ్ కాల్‌లో (టీమంతా కలిసే కాల్) మాట్లాడేదీ ఫోన్‌లోనే, హాట్‌స్పాట్ కూడా దాని మీదే వేస్తే ముందు చచ్చేది ఫోన్ బ్యాటరీయే. ట్యాబ్‌లో వేరే నెట్‌వర్క్ సిమ్ వేయి, ఒకదానికి సిగ్నల్ లేకపోతే రెండోది ఆదుకుంటుంది.