ఆక్రిలిక్ పోరింగ్: సెల్స్ రావట్లేదు, ఎండాక పగుళ్లు. మీ అనుభవాలు చెప్పండి

సిరి_రంగులు
అందరికీ నమస్తే. ఆక్రిలిక్ పోరింగ్, అంటే పలచన చేసిన ఆక్రిలిక్ రంగులు కాన్వాస్ మీద పోసి బొమ్మ చేయడం, ఫ్లిప్ కప్ పద్ధతిలో (రంగులన్నీ ఒకే కప్పులో పోసి కాన్వాస్ మీద బోర్లించడం) నేర్చుకుంటున్నాను. కప్పు ఎత్తగానే బ్రహ్మాండంగా ఉంటుంది. కాన్వాస్ వంచి నాలుగు మూలలకీ పారించేసరికి సెల్స్ (ఒక రంగులోంచి ఇంకో రంగు గుండ్రంగా విచ్చుకునే గళ్లు) సాగిపోయి మాయం. మర్నాడు చూస్తే మధ్యలో రంగు మడుగు కట్టి ఉంటుంది, దాని చుట్టూ పగుళ్లు. స్టూడెంట్ గ్రేడ్ రంగులు, వడ్రంగులు వాడే తెల్ల జిగురు, నీళ్లు కలుపుతున్నాను. తొందరగా ఆరాలని ఫ్యాన్ కింద పెడుతున్నాను. సెల్స్ కోసం సిలికాన్ ఆయిల్ ఎన్ని చుక్కలు వేయాలి? మధ్యలో మడుగు ఎందుకు? పైన ఏ వార్నిష్ మంచిది?

పోర్_పిచ్చి
జిగురు దగ్గర చదవడం ఆపేశాను. అది పాలీవినైల్ అసిటేట్ అండీ, ఆక్రిలిక్ కాదు. ఎండాక కూడా తడి తగిలితే మెత్తబడుతుంది. మాది విశాఖ, సముద్రపు గాలి. జిగురుతో చేసిన బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే వర్షాకాలంలో అంటుకుపోయాయి. విడదీస్తే ఒకదాని రంగు రెండోదానికి వచ్చేసింది. మంచి పోరింగ్ మీడియం (రంగు బాగా పారడానికి కలిపే ద్రవం) కొనుక్కోండి.

గోదారి_గట్టు
మొదలెట్టారా! మీడియం సీసా రేటు చూశారా? నేర్చుకునేవాళ్లు పారబోసేదే ఎక్కువ, దానికి అంత డబ్బు పోయాలా? నేను ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) గుండ్రాల మీద గోడ గడియారాలు చేసి అమ్ముతాను, అన్నీ జిగురుతోనే. ఒక్కటీ తిరిగి రాలేదు. జిగుర్లలో వాటర్‌ప్రూఫ్ రకం కూడా ఉంటుంది, అది తెచ్చుకోండి సిరి గారూ. బొమ్మల్ని అప్పడాల్లా పేర్చేవాళ్ల మాట వినకండి.

పోర్_పిచ్చి
తిరిగి రాలేదంటే బాగున్నాయని కాదు, కొన్నవాళ్లకి మీ ఫోన్ నంబరు దొరకలేదని.

గోదారి_గట్టు
గడియారం వెనకాలే నంబరు రాస్తాను సార్. కావాలంటే మీకూ ఒకటి పంపిస్తా, టైమ్ చూసుకోవచ్చు.

డాలస్_లత
ఇక్కడ మేము ఫ్లోట్రాల్ వాడతాం. ఇళ్లకి వేసే పెయింట్‌లో బ్రష్ గీతలు పడకుండా కలిపే ద్రవం అది, హార్డ్‌వేర్ షాపుల్లో పెద్ద డబ్బా దొరుకుతుంది. సిలికాన్ అసలు లేకుండానే చిన్న చిన్న సెల్స్ వస్తాయి. జాలీ గుడ్డలో వడకట్టి వాడాలి, లేకపోతే ఉండలు తగులుతాయి.

గోదారి_గట్టు
లత గారూ, మీకు పక్క షాపులో దొరికేది మాకు కొరియర్‌లో రావాలి. పండక్కి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పట్టుకొస్తారా?

బొమ్మల_మాస్టారు
అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. సెల్స్ రావడానికి సిలికాన్ తప్పనిసరి కాదు. రంగుల బరువు చూడాలి. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైనది, నలుపులో ఉండే కార్బన్ తేలిక. బరువైనది పైన, తేలికది కింద ఉంటే పైది కిందికి దిగుతుంది, కిందిది పైకి పొడుచుకొస్తుంది. దీన్ని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్క్‌లో వర్క్‌షాప్ పెట్టి ఇలా రంగులు పోయించాడు. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ కూడా అందులో పనిచేశాడు. 2015లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు నలుపు మీద తెలుపు పోసి, సికేరోస్ బొమ్మల్లోని ఆకారాలు ఎలా పుడతాయో ప్రయోగం చేసి చూపించారు. కాబట్టి సిరి గారూ, కప్పులో ఏ రంగు తర్వాత ఏ రంగు పోస్తున్నారో ముందు చెప్పండి.

కరీంనగర్_కుర్రాడు
మాస్టారూ, ఆమె చుక్కలు ఎన్ని అని అడిగితే మీరు మెక్సికో తీసుకెళ్లారు 😄 కప్పుకి రెండు మూడు చుక్కలు చాలు అక్కా, అదీ అన్ని రంగుల్లో కాదు, ఒకటి రెండింటిలోనే. వేశాక ఎక్కువ తిప్పొద్దు, తిప్పితే సెల్స్ చిన్నగా అయిపోతాయి. ట్రెడ్‌మిల్ బెల్టుకి వేసే సిలికాన్ ఆయిల్ తీసుకో. హెయిర్ సీరమ్ కూడా పనిచేస్తుంది, కానీ మా వదిన సీరమ్ తీసి వాడితే ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది.

పెయింట్_షాపు_బాబాయ్
సికేరోస్ వాడింది ఆక్రిలిక్ కాదు మాస్టారూ. డ్యూకో. కార్లకి కొట్టే నైట్రోసెల్యులోజ్ లక్కర్ పెయింట్. దాన్ని థిన్నర్‌తో పలచన చేస్తారు, నీళ్లతో కాదు. దాని నడక వేరు, దీని నడక వేరు. మీరు పుట్టకముందు నుంచీ రంగులు కలుపుతున్నాను, ఈ విషయంలో నాకు పాఠం చెప్పేవాళ్లు ఇంకా రాలేదు.

బొమ్మల_మాస్టారు
డ్యూకో అని నాకూ తెలుసు. ద్రవం ఏదైనా బరువు సూత్రం ఒకటే. సైన్స్‌కి థిన్నర్‌తో పనిలేదు.

పెయింట్_షాపు_బాబాయ్
సైన్స్‌కి లేదేమో, చేతికి ఉంది. థిన్నర్ నిమిషాల్లో ఎగిరిపోతుంది. నీళ్లు అలా పోవు. అందుకే దీనికి పగుళ్లు. పైపొర ఎండి గట్టిపడుతుంది, కింద ఇంకా తడి. ఆ తడి ఆరుతూ ముడుచుకుంటే పైపొర చీలుతుంది. ఫ్యాన్ కట్టెయ్యమ్మా సిరీ. కిటికీ మూసి, పైన అట్టపెట్టె బోర్లించి నిదానంగా ఆరనివ్వు. ఇంకోటి, తెల్ల బేస్‌కి (అడుగున పరిచే రంగుకి) ట్యూబులు పిండొద్దు. మంచి ఇంటీరియర్ ఎమల్షన్ లీటరు డబ్బా తెచ్చుకో. డిస్టెంపర్ మాత్రం వద్దు, చేత్తో రాస్తే పొడి రాలుతుంది.

పోర్_పిచ్చి
గోడకి వేసే పెయింట్‌తో ఆర్ట్! ఇంకేం, సున్నం కూడా పోయండి.

పెయింట్_షాపు_బాబాయ్
సున్నంతో చేసిన బొమ్మలు వందల ఏళ్లు నిలిచాయి బాబూ, లేపాక్షి గుడి పైకప్పు చూసిరా. మీ మీడియం సీసా మూత తీశాక ఎన్నాళ్లుంటుందో అప్పుడు మాట్లాడదాం.

కరీంనగర్_కుర్రాడు
బాబాయ్ 🔥🔥

నెల్లూరు_ఇల్లాలు
మీ గొడవలు తర్వాత. మధ్యలో మడుగు సంగతి నేను చెప్తా. కాన్వాస్ వదులుగా ఉంటే రంగు బరువుకి మధ్యలో జోలెలా కిందికి దిగుతుంది. వెనక ఫ్రేమ్ మూలల్లో చెక్క మేకులు ఉంటాయి, వాటిని లోపలికి కొడితే బిగుస్తుంది. వెనక నుంచి నీళ్లు చిలకరించి ఆరనిచ్చినా కొంత బిగుస్తుంది. లేదా ఎండీఎఫ్ పలక వాడండి, దిగే సమస్యే లేదు, కానీ ముందు ప్రైమర్ కొట్టాలి, లేకపోతే తడి పీల్చి ఉబ్బుతుంది. బల్ల మట్టంగా ఉందో లేదో తాపీ మేస్త్రీ రసమట్టంతో చూసుకోండి. ఫోన్ యాప్‌లని నమ్మకండి, కెమెరా బుడిపె వల్ల ఫోనే ఒక పక్కకి వంగి ఉంటుంది.
ఇక నా బాధ: రాత్రి బొమ్మ ఆరబెడితే పొద్దున్నకి చీమలు అందులో దిగబడి ఉంటున్నాయి. దీనికి ఎవరైనా ఉపాయం చెప్పండి.

గోదారి_గట్టు
బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టండమ్మా, మిఠాయి డబ్బాకి పెట్టినట్టే.

డాలస్_లత
సిరి గారూ, పారించాక సెల్స్ సాగిపోతున్నాయంటే రంగు మరీ పలచన అయి ఉండొచ్చు. కప్పు పోసే ముందు కాన్వాస్ మీద పలచగా ఒక బేస్ పొర పోసి పరిచి ఉంచండి. అప్పుడు కొద్దిగా వంచితే చాలు, రంగు దానంతటదే జారుతుంది. బుడగలు పోవడానికి గ్యాస్ టార్చ్ మంటని పైపైన ఆడించండి, ఒకచోట నిలపకండి.

కరీంనగర్_కుర్రాడు
సెల్స్ కోసం స్పిరిట్ కలిపితే మాత్రం టార్చ్ జోలికి పోవద్దు. మా ఫ్రెండు కనుబొమలు ఇంకా పూర్తిగా రాలేదు.

సిరి_రంగులు
అందరికీ థ్యాంక్స్. ఫ్యాన్ ఆపి, కాన్వాస్ బిగించి ఒకటి చేశాను. పగుళ్లు లేవు! తెలుపు పైన, నలుపు కింద పోస్తే సిలికాన్ లేకుండానే నాలుగు సెల్స్ వచ్చాయి మాస్టారూ. వార్నిష్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బొమ్మల_మాస్టారు
చూశారా! బరువు సూత్రం అంటే నవ్వారు.

పెయింట్_షాపు_బాబాయ్
పగుళ్లు ఎవరి మాటతో పోయాయో కూడా చెప్పమ్మా.

నెల్లూరు_ఇల్లాలు
పూర్తిగా ఎండటానికి కొన్ని వారాలు ఆగి, నీళ్లతో కలిపే ఆక్రిలిక్ వార్నిష్ రెండు పలచటి పొరలు వెయ్యండి. సిలికాన్ వాడిన బొమ్మైతే ముందు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన తడిగుడ్డతో జిడ్డు తుడిచెయ్యాలి, లేకపోతే వార్నిష్ పరుచుకోకుండా చుక్కచుక్కలుగా విడిపోతుంది. జిగురు బొమ్మని మాత్రం గట్టిగా తడపకండి.

పోర్_పిచ్చి
జిగురు తడికి మెత్తబడుతుందని ఇప్పుడు ఆవిడే ఒప్పుకున్నారు, గట్టు గారూ.

గోదారి_గట్టు
ఆవిడ గట్టిగా అన్నారు, మీరు చదివింది సగమే. గడియారం పంపమంటారా లేదా?