ఇర్వింగ్‌లో కొత్త అపార్ట్‌మెంట్: కరెంటు ప్లాన్ ఏది తీసుకోవాలి?

ప్రశ్న, టెక్సస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి

అందరికీ నమస్తే. నేను, మా ఆవిడ పోయిన వారమే హైదరాబాద్ నుంచి వచ్చాం. జులై ఒకటి నుంచి సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ లీజు. కరెంటు మా పేరు మీదకి మారినట్టు చూపిస్తేనే తాళాలు ఇస్తామన్నారు లీజింగ్ ఆఫీసులో, ఒక కంపెనీ పాంప్లెట్ కూడా చేతిలో పెట్టారు. ఆన్‌లైన్‌లో చూస్తే లెక్కలేనన్ని ప్లాన్లు. యూనిట్ 10 సెంట్లని ఒకటి, రాత్రుళ్లు ఫ్రీ అని ఇంకొకటి. నేను ఆఫీసుకి వెళ్తాను, ఆవిడ హెచ్4 (డిపెండెంట్ వీసా) కాబట్టి రోజంతా ఇంట్లోనే ఉంటుంది. ఇద్దరికీ ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు. ఏది తీసుకోమంటారు?

జవాబు, ప్లానో నుంచి

ఆ పాంప్లెట్ పక్కన పెట్టండి. అది వాళ్ల సిఫారసు మాత్రమే, ఆ కంపెనీలోనే చేరాలన్న రూలేం లేదు. మీ పేరు మీద ఏదో ఒక కంపెనీలో అకౌంట్ ఉంటే లీజింగ్ ఆఫీసుకి చాలు.

ఇక్కడ కరెంటు అమ్మే కంపెనీ వేరు, తీగలు, స్తంభాలు, మీటర్లు చూసుకునే కంపెనీ వేరు. టెక్సస్‌లో 2002 జనవరి నుంచి ఇదే పద్ధతి. మీ ఇర్వింగ్‌లో తీగల కంపెనీ ఆన్‌కోర్, దాన్ని మీరు మార్చలేరు. మార్చగలిగేది బిల్లు పంపే కంపెనీని. ఎవరి దగ్గర కొన్నా వచ్చేది అదే తీగ మీద అదే కరెంటు, తీగల కంపెనీకి పోయే డెలివరీ చార్జీ కూడా అందరికీ ఒకటే. "ఫలానా కంపెనీ చవక కానీ కరెంటు ఊరికే పోతుందట" అని పార్టీల్లో ఎవరైనా చెప్తే నమ్మకండి. పెద్ద కంపెనీ పేరు చూసి ఎక్కువ డబ్బులు కట్టక్కర్లేదు.

చూడాల్సిన సైట్ పవర్ టు చూజ్. టెక్సస్ పబ్లిక్ యుటిలిటీ కమిషన్ నడిపేది కాబట్టి కమీషన్ గొడవ లేదు. జిప్ కోడ్ కొట్టగానే ప్లాన్లు చవక నుంచి ఖరీదు వరకు వరసగా వస్తాయి. ఆ వరస నెలకి సరిగ్గా 1000 యూనిట్లు వాడే ఇంటి లెక్కన వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లు నష్టపోయేది ఇక్కడే, అందుకని ఇది కొంచెం వివరంగా రాస్తాను.

మనకి స్లాబులు అలవాటు, ఎంత ఎక్కువ కాలిస్తే యూనిట్ ధర అంత పెరుగుతుంది. ఇక్కడ చాలా ప్లాన్లలో లెక్క తిరగబడుతుంది. ఒక ప్లాన్ అనుకుందాం: డెలివరీతో కలిపి యూనిట్‌కి 20 సెంట్లు, కానీ నెలలో 1000 యూనిట్లు చేరితే బిల్లులో 100 డాలర్లు క్రెడిట్, అంటే తగ్గింపు. సరిగ్గా 1000 కాలిస్తే 200లోంచి 100 పోయి 100 డాలర్ల బిల్లు, అంటే యూనిట్ 10 సెంట్లు. సైట్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ 10 సెంట్లే. అదే నెలలో 999 కాల్చారనుకోండి, క్రెడిట్ లేదు, బిల్లు 199 డాలర్ల 80 సెంట్లు. ఒక్క యూనిట్ తేడాకి దాదాపు వంద డాలర్లు!

ఇప్పుడు మీ ఇంటికి వేసి చూద్దాం. ఇద్దరున్న సింగిల్ బెడ్‌రూమ్‌లో ఎనిమిది నెలలు నెలకి 500 యూనిట్లు, నాలుగు వేసవి నెలలు 900 చొప్పున అనుకుంటే ఏడాదికి 7600 యూనిట్లు. ఆ "10 సెంట్ల" ప్లాన్‌లో మీకు ఒక్క నెల కూడా క్రెడిట్ రాదు, ఏడాది మొత్తం 1520 డాలర్లు. ఏ మెలికా లేకుండా అన్నీ కలిపి యూనిట్ 15 సెంట్లున్న ప్లాన్, సైట్‌లో ఎక్కడో కింద ఉండేది, ఏడాదికి 1140. వరసలో పైనున్నదే మీకు 380 డాలర్లు ఎక్కువ పడుతుంది. అందుకే యూనిట్ ఎంత అని కాదు, నా ఇంటికి ఏడాదికి ఎంత అని లెక్క వేసుకోండి. పెద్ద ఇల్లుండి ప్రతి నెలా 1000 దాటేవాళ్లకి క్రెడిట్ ప్లాన్లు బాగానే కలిసొస్తాయి, వాటిని తప్పు పట్టడం లేదు. అపార్ట్‌మెంట్‌కి మాత్రం వద్దు. అదే సైట్‌లో మినిమమ్ యూసేజ్ ఫీజు (ఇన్ని యూనిట్ల కన్నా తక్కువ కాలిస్తే పడేది), క్రెడిట్ ఉన్న ప్లాన్లు చూపించొద్దని ఎంచుకోవచ్చు. అది నొక్కితే జాబితా చాలా మటుకు శుభ్రపడుతుంది.

తర్వాత ప్రతి ప్లాన్‌కీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని ఒక కాగితం ఉంటుంది, అందరూ ఈఎఫ్ఎల్ అంటారు. కమిషన్ రూలు ప్రకారం ప్రతి కంపెనీ ఇవ్వాల్సిందే. పైన 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధరలు మూడు గళ్లలో ఉంటాయి. ఆ మూడూ దగ్గర దగ్గరగా ఉంటే ప్లాన్ సాఫీగా ఉన్నట్టు. 1000 దగ్గర ఒక్కసారి పడిపోయి అటూ ఇటూ పెరిగితే లోపల క్రెడిట్ ఉన్నట్టే. వాటి కింద ఎనర్జీ చార్జ్, బేస్ చార్జ్, డెలివరీ చార్జ్ విడివిడిగా రాస్తారు, ఆ మూడు అంకెలతో మీ యూనిట్లకి బిల్లు మీరే కట్టుకోవచ్చు. ఇంకా కిందకి వెళ్తే ఫిక్స్‌డా వేరియబులా, ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత ఫైన్. ఫైన్ కొందరు 150 డాలర్లు అని ఒకే మొత్తం రాస్తారు, కొందరు మిగిలిన ఒక్కో నెలకి 20 డాలర్లు అంటారు. సంతకం పెట్టే ముందు ఆ పీడీఎఫ్ దాచుకోండి.

రాత్రుళ్లు ఫ్రీ ప్లాన్ గురించి అడిగారు. మీకు వద్దు. రాత్రి ఫ్రీ ఇచ్చినవాడు ఆ డబ్బు పగటి రేటులో రాబట్టుకుంటాడు. డాలస్‌లో ఎండ మండిపోయేది మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా, ఏసీ ఆగకుండా తిరిగేది అప్పుడే, మీ ఆవిడ ఇంట్లో ఉండేదీ అప్పుడే. పగలంతా తాళం వేసి ఉండి, రాత్రి కారు చార్జింగ్ పెట్టుకునేవాళ్లకి ఆ ప్లాన్ బాగుంటుంది. ఫ్రీ అన్నారు కదా అని ఆవిడ మధ్యాహ్నం పూట ఏసీ కట్టేసుకుని చెమటలో కూర్చునే ప్లాన్ ఏదీ మంచి ప్లాన్ కాదు.

ఫిక్స్‌డే తీసుకోండి. వేరియబుల్‌లో రేటు నెల నెలా కంపెనీ ఇష్టం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మార్కెట్ టోకు ధర మెగావాట్ అవర్‌కి 9000 డాలర్లకి, అంటే యూనిట్‌కి 9 డాలర్లకి చేరి రోజుల తరబడి అక్కడే ఉంది. టోకు ధర నేరుగా పడే ప్లాన్లలో ఉన్న కుటుంబాలకి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ ఏడాదే శాసనసభ ఇళ్లకి అలాంటి ప్లాన్లు అమ్మకూడదని చట్టం చేసింది, కానీ మామూలు వేరియబుల్ ప్లాన్లు ఇంకా ఉన్నాయి. ఫిక్స్‌డ్‌లో కూడా తీగల కంపెనీ డెలివరీ చార్జీ మారితే ఆ మేరకు బిల్లు మారుతుంది, అది మోసం కాదు, ఈఎఫ్ఎల్‌లో రాసే ఉంటుంది.

డిపాజిట్ సంగతి: క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి అడుగుతారు. ఏడాది పాటు బిల్లులు టైముకి కడితే తిరిగి ఇవ్వాలి. డిపాజిట్ లేదని ప్రీపెయిడ్ వైపు వెళ్లకండి, బ్యాలెన్స్ అయిపోతే కరెంటు కట్ చేస్తారు, యూనిట్ రేటు కూడా చాలాసార్లు ఎక్కువే. రెండు మూడు కంపెనీల్లో అడిగి చూడండి, డిపాజిట్ అందరిదీ ఒకేలా ఉండదు.

హ్యూస్టన్ పక్కన కేటీ నుంచి

పైన అన్నీ బాగా చెప్పారు. ఇంకో రెండు సంగతులు కలుపుతాను.

కరెంటు పోతే బిల్లు పంపే కంపెనీకి ఫోన్ చేసి గంటలు వెయిట్ చేయకండి, వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. చేయాల్సింది తీగల కంపెనీకి, మీకైతే ఆన్‌కోర్, మాకు సెంటర్‌పాయింట్. 2024 జులైలో బెరిల్ తుపానుకి ఇక్కడ 20 లక్షలకి పైగా కనెక్షన్లు ఆగిపోయాయి. మా వీధిలో ఒక్కొక్కరిదీ ఒక్కో ప్లాన్, అందరిళ్లూ ఒకేలా చీకటి. ఆన్‌కోర్ నెంబరు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.

రెండోది కాంట్రాక్టు ముగిసే తేదీ. నేను అందరికీ చెప్పేది ఇదే, మళ్లీ చెప్తున్నాను. గడువు అయిపోయాక మీరు ఏమీ చేయకపోతే కరెంటు ఆగదు, అందుకే ఎవరికీ గుర్తుండదు. కంపెనీ మిమ్మల్ని నెలవారీ రేటులోకి తోసేస్తుంది, అది చాలా సార్లు పాత రేటుకి ఎంతో ఎక్కువ. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇండియా వెళ్లొచ్చేసరికి అదే జరిగింది, నోటీసులు జంక్ మెయిల్లో పడి ఉన్నాయి. ముగిసే తేదీకి 14 రోజుల ముందు నుంచి మారితే ఫైన్ వేయకూడదని రూలు. పాత కంపెనీకి ఫోన్ కూడా చేయక్కర్లేదు, కొత్తదానిలో చేరితే మిగతాది వాళ్లే చూసుకుంటారు, ఒక్క నిమిషం కూడా కరెంటు పోదు.

అమ్మానాన్నలు విజిట్ మీద వచ్చినప్పుడు వాడకం ఒక్కసారి మారిపోతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. పగలంతా ఏసీ, రెండు పూటలా వంట, ఎలక్ట్రిక్ స్టవ్, రోజూ డ్రయ్యర్. వాళ్లని ఏసీ తగ్గించుకోమనడం నాకు ఇష్టం ఉండదు, ఆ వయసులో ఇక్కడి ఎండ ప్రమాదం. థర్మోస్టాట్ 78 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి ఫ్యాన్ వేస్తే సాధారణంగా సరిపోతుంది. పడమటి కిటికీల బ్లైండ్లు మధ్యాహ్నం కాకముందే దించండి, ఏసీ ఫిల్టర్ దుమ్ము పట్టకుండా మార్పించండి, అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్‌కి రిక్వెస్ట్ పెడితే వాళ్లే మారుస్తారు.

చలికాలం బిల్లు కూడా ఉందని మరిచిపోకండి. అపార్ట్‌మెంట్లలో గ్యాస్ లేకపోతే హీటర్ కూడా కరెంటుదే. థర్మోస్టాట్ మీద ఎమర్జెన్సీ హీట్ అని ఉంటే అవసరం లేకుండా దాన్ని నొక్కకండి, మామూలు హీట్ పంప్ వదిలేసి కాయిల్స్‌తో వేడి చేస్తుంది, యూనిట్లు పరిగెడతాయి.

ఇర్వింగ్ నుంచి మళ్లీ

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఆ బటన్ నొక్కి చూశాక మూడు మిగిలాయి. 500, 1000, 2000 దగ్గర ధరలు మూడింటిలోనూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఒకటి 10 నెలలు, ఒకటి 12, ఒకటి 24. ఇరవై నాలుగు నెలలది కొంచెం చవక. కానీ లీజు 13 నెలలే, తర్వాత ఫ్రిస్కో వైపు మారొచ్చు అనుకుంటున్నాం. అప్పుడు ఫైన్ కట్టాలా? మారాక నచ్చకపోతే మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చని కూడా ఎక్కడో చదివాను.

ప్లానో నుంచి

ఆ మూడు రోజులు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారేవాళ్లకి. మీది కొత్తగా ఇంట్లో దిగడం కాబట్టి వర్తించదు, చేరే ముందే చూసుకోండి.

ఇల్లు ఖాళీ చేసి వెళ్తే మధ్యలో ఆపినా ఫైన్ వేయకూడదు, కొత్త అడ్రస్ రుజువు అడగొచ్చు, కొత్త లీజు కాగితం చూపిస్తే చాలు. కాబట్టి ఇల్లు మారతామన్న భయంతో 24 వదులుకోవాల్సిన పని లేదు. ఫ్రిస్కోలో మాత్రం ఇల్లు చూసేటప్పుడే అడగండి, కొన్ని వీధులు ఆన్‌కోర్, కొన్ని కోసర్వ్ కోఆపరేటివ్. కోసర్వ్‌లో ఉంటే కంపెనీ ఎంచుకునే వీలే లేదు. డెంటన్, గార్లండ్‌లలో ఊరికి సొంత కరెంటు సంస్థలున్నాయి, ఆస్టిన్, శాన్ ఆంటోనియో కూడా అంతే.

24 తీసుకున్నా తప్పు లేదు, కానీ నన్నడిగితే ఆ మూడింటిలో 10 నెలలది. 12 నెలలది జులైలో మొదలైతే మళ్లీ వచ్చే జూన్ ఆఖరుకి, సరిగ్గా అందరూ ఏసీలు వేసుకుని రేట్లు పెరిగే వేళకి మీరు కొత్త ప్లాన్ వెతుక్కోవాలి. 10 నెలలది ఏప్రిల్ ఆఖరుకి ముగుస్తుంది, వసంతంలో రేట్లు మామూలుగా తక్కువగా ఉంటాయి. ఆపాటికి మీ చేతిలో మీ ఇంటి సొంత లెక్కలు కూడా ఉంటాయి. కరెంటు మొదలయ్యాక స్మార్ట్ మీటర్ టెక్సస్ సైట్‌లో మీటర్ నంబరుతో రిజిస్టర్ చేసుకోండి, ప్రతి 15 నిమిషాలకి ఎంత కాలిందో చూపిస్తుంది. ఒక ఆగస్టు రోజు తెరిచి చూస్తే మధ్యాహ్నం గీత ఎలా లేస్తుందో కళ్లకి కడుతుంది, రెండో ప్లాన్ దాన్ని బట్టి ఎంచుకోండి.

చేరేటప్పుడు మీ ఫ్లాట్ ఈఎస్ఐ ఐడీ (మీ కనెక్షన్‌కి ఉండే నంబరు) లీజింగ్ ఆఫీసులో అడిగి తీసుకుని అప్లికేషన్‌లో ఉన్నదానితో సరిపోల్చుకోండి, ఒకే బిల్డింగ్‌లో పక్క ఫ్లాట్ నంబరు పడిపోవడం జరుగుతుంటుంది. స్టార్ట్ డేట్ జులై ఒకటి పెట్టండి, నెలాఖరు రద్దీ ఉంటుంది కాబట్టి నాలుగైదు రోజుల ముందే పూర్తి చేసి, కన్ఫర్మేషన్ మెయిల్ లీజింగ్ ఆఫీసుకి ఫార్వర్డ్ చేయండి. డిపాజిట్ ఎంత అడిగారో ఇక్కడ రాయండి, మరీ ఎక్కువ అనిపిస్తే కట్టేముందు ఒకసారి చూద్దాం.