అటోపీ అంటే వంశంలో వచ్చే జబ్బనేనా అర్థం?

వాణి_కాకినాడ:
మా బాబుకి ఎగ్జిమా వస్తే డాక్టరు చీటీలో 'అటోపిక్' అని రాశారు. మా నాన్నగారికి ఉబ్బసం ఉంది కాబట్టి ఇది మావైపు నుంచే వచ్చిందని అత్తగారింట్లో తేల్చేశారు. ఆ మాటకి అర్థం నిజంగా అదేనా?

రఘు_వరంగల్:
అదేనండి. 1923లో అమెరికాలో కోకా, కుక్ అనే డాక్టర్లు ఈ పేరు పెట్టిందే కుటుంబాల్లో నడిచే ఉబ్బసం, పుప్పొడి జలుబులకి. పెట్టినవాళ్లే అలా అన్నాక ఇంకా చర్చ ఎందుకు?

సుధ_ల్యాబ్:
రఘు గారూ, చరిత్ర అక్కడితో ఆగలేదు. ఆ మాటను వాళ్లకి సూచించింది కొలంబియా యూనివర్సిటీ గ్రీకు ప్రొఫెసర్ ఎడ్వర్డ్ పెర్రీ. గ్రీకులో దానర్థం 'చోటు తప్పినది, వింతైనది'. అందులో వంశం ఊసే లేదు. అప్పటికి ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ సరిగ్గా తెలియదు మరి. 1921లో ప్రౌస్నిట్జ్ అనే జర్మన్ డాక్టరు, చేప పడని తన సహోద్యోగి కూస్ట్నర్ సీరమ్‌ను (రక్తంలోని ద్రవభాగాన్ని) తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అక్కడే చేప సారం ఎక్కిస్తే దద్దురు తేలింది. అంటే ఎలర్జీ తెచ్చేదేదో ఆ సీరమ్‌లోనే ఉందన్నమాట. అది ఐజీఈ అనే యాంటీబాడీ అని తెలియడానికి 1960ల చివరి దాకా పట్టింది.

ప్రపంచ ఎలర్జీ సంస్థ 2003లో చెప్పిన ప్రకారం అటోపీ జబ్బు కాదు. దుమ్ము, పుప్పొడి లాంటి మామూలు వాటికే ఐజీఈ తయారుచేసే తత్వం. అది ఆ మనిషి వరకే ఉండొచ్చు, కుటుంబంలోనూ ఉండొచ్చు. స్కిన్ టెస్టులోనో రక్తపరీక్షలోనో ఐజీఈ తేలకుండా ఆ మాట వాడొద్దని కూడా చెప్పారు. చీటీల్లో ఈ ఎగ్జిమాకి రాసే 'అటోపిక్ డెర్మటైటిస్' 1933 నాటి పేరు, అలవాటుగా నిలిచిపోయింది.

రఘు_వరంగల్:
మరి ఎగ్జిమాతో సంబంధం ఉందని 2006లో తేలిన ఫిలాగ్రిన్ జన్యువు సంగతో? అది తల్లిదండ్రుల నుంచి వచ్చేదేగా?

సుధ_ల్యాబ్:
వచ్చేదే. వంశం పాత్ర లేదని నేననడం లేదు. కానీ ఫిలాగ్రిన్ పని చర్మాన్ని గట్టిగా, తేమగా ఉంచడం. ఐజీఈ తయారీ దాని పని కాదు. పైగా ఆ జన్యువులో లోపం ఉన్నవాళ్లలో చాలామందికి ఎగ్జిమా రానే రాదు. తాతగారి ఉబ్బసం ఒక్కటి చూసి ఫలానా వైపు నుంచే అని తేల్చడం తప్పు. ఆ నింద తల్లి మీద వేయడం ఇంకా పెద్ద తప్పు.

వాణి గారూ, బాబుకి ఐజీఈ పరీక్ష చేశారా?

వాణి_కాకినాడ:
లేదండి. చర్మం చూసే రాశారు.

సుధ_ల్యాబ్:
చర్మం చూసి ఎగ్జిమా అని చెప్పడం సరైనదే, దానికి రక్తపరీక్ష అక్కర్లేదు. అయితే ఆ చీటీ బాబుకి ఎగ్జిమా ఉందని చెబుతోంది అంతే. ఎవరి వైపు నుంచి వచ్చిందో అందులో లేదని ఇంట్లో చెప్పండి.