కారుకు పెర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్ వేయించడం వల్ల నిజంగా లాభం ఉంటుందా?

ప్రశ్న:
నమస్కారమండి. నాది 1.2 లీటర్ల పెట్రోల్ కారు, టర్బో లేదు, 60,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ సర్వీసింగ్‌లో కంపెనీ పేపర్ ఫిల్టర్‌కు బదులు, కడిగి నూనె పట్టించి మళ్లీ మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయిస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయని మిత్రుడొకరు గట్టిగా చెబుతున్నారు. ఇంజిన్‌లో మరే మార్పూ చేయించే ఉద్దేశం లేదు. ఫిల్టర్ ఒక్కటి మార్చినంత మాత్రాన తేడా తెలుస్తుందా?

జవాబు 1:
ముందు మైలేజీ సంగతి చూద్దాం. లోపలికి వెళ్లే గాలి ఎంతో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) సెన్సార్ల ద్వారా లెక్కగట్టి, బరువులో సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు చొప్పున పెట్రోలు వదులుతుంది కాబట్టి, గాలి తేలికగా వచ్చినంత మాత్రాన పెట్రోలు మిగలదు. పైగా మామూలు వేగంలో గాలికి అసలు అడ్డు ఫిల్టర్ కాదు, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ తెరుచుకునే, అప్పుడు చాలావరకు మూసుకుని ఉండే థ్రాటిల్ రేకు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదని, పికప్ మాత్రం మందగించిందని తేలింది. మురికి పట్టిన ఫిల్టరే మైలేజీని తగ్గించనప్పుడు, శుభ్రమైన పేపర్ ఫిల్టర్‌ను తీసి మరొకటి పెడితే అది పెరగడానికి ఆస్కారం ఎక్కడిది?

జవాబు 2:
నేను కాటన్ ఫిల్టర్ మూడేళ్లు వాడాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం గంభీరంగా మారింది. ఆ శబ్దాన్నే పికప్ అనుకుని చాలాకాలం సంతోషించాను. ఒకసారి కడిగాక నూనె కాస్త ఎక్కువగా పట్టించాను. వారం తిరగకుండానే ఐడ్లింగ్‌లో బండి వణకడం మొదలై, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ గాలి కొలిచే సెన్సార్ విప్పి చూపించారు: వెంట్రుకంత సన్నని తీగ మీద జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్ము. స్ప్రేతో శుభ్రం చేశాక సర్దుకుంది. మీ కారులో తీగ సెన్సార్ కాకుండా, గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటే ఈ బెడద ఉండదు. కానీ ఫిల్టర్ దాటాక ఉండే గొట్టం లోపల వేలితో తుడిస్తే సన్నని ధూళి అంటింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే, ఎందుకంటే ఇసుక రేణువులు పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తాయి.

జవాబు 3:
టర్బో ఇంజిన్‌ను ట్యూన్ చేయించి ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో నడిపేవారికి ఇలాంటి ఫిల్టర్ ఉపయోగపడుతుందని నేనూ ఒప్పుకుంటాను. మీ అవసరం అది కాదు. ఫిల్టర్ డబ్బా తీసేసి బానెట్ కింద పెట్టే శంకు ఆకారపు ఫిల్టర్ జోలికి మాత్రం అసలు వెళ్లకండి. అది ఇంజిన్ వేడిగాలిని పీలుస్తుంది, గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం పడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ఫిల్టర్ డబ్బా విప్పి చూశాను. మడతల్లో ఎండుటాకు ముక్కలున్నాయి, ఒక మూల రబ్బరు అంచు మడతపడి సరిగ్గా కూర్చోలేదు. కంపెనీ పేపర్ ఫిల్టరే తెప్పించుకుని, ఆ అంచు నాలుగు వైపులా కూర్చుందో లేదో నేనే దగ్గరుండి చూసుకుంటాను.